నార్వే ప్లాన్: మే చివర, అమ్మానాన్నలు, రెండో క్లాసు పాప. కాస్త చూసి చెప్పండి

మియాపూర్_మురళి
అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్ళిపోయే బాపతు నేను, రాయడం తక్కువ. ఈసారి మీ అందరి సాయం కావాలి.

మే చివర బయల్దేరి జూన్ మొదటి వారంలో తిరిగి రావాలి. పాపకి స్కూలు జూన్ 12న తెరుస్తారు. మొత్తం పది రోజులు. నాన్నకు 68, మోకాళ్ళ నొప్పి. మెట్లు ఎలాగోలా ఎక్కుతారు, దిగడమే కష్టం. అమ్మ పక్కా శాకాహారి, గుడ్డు వేసిన కేకు కూడా ముట్టదు. మా ఆవిడకు ఫియోర్డులు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) చూడాలని ఉంది. పాపకు ఆకాశంలో ఆకుపచ్చ లైట్లు (అరోరా) కావాలట. నాన్న మాత్రం "అర్ధరాత్రి సూర్యుడు అంటారే, అది చూపించరా చాలు" అంటున్నారు.

ట్రావెల్ ఏజెంట్ నాలుగు దేశాలు, తొమ్మిది రాత్రుల ప్యాకేజీ చెప్పాడు. అది వద్దనుకుని నేనే ఒకటి వేసుకున్నా: ఓస్లో 1 రాత్రి, బెర్గెన్ 1, గైరాంగర్ 1, లోఫోటెన్ దీవులు 2, బాగా ఉత్తరాన ఉన్న త్రోంసో 2, మళ్ళీ ఓస్లో. కారు అద్దెకు తీసుకుందామని ఆలోచన. మ్యాప్‌లో చూస్తే మరీ పెద్ద దూరాల్లా అనిపించలేదు. ఎలా ఉంది?

ఫియోర్డు_బాబాయ్
మురళి గారూ, మాది కాకినాడ, ఉద్యోగం స్టావంగర్‌లో. ఉన్నది ఉన్నట్టు చెప్తా, ఏమీ అనుకోవద్దు. మీరు రాసిన ఊళ్ళన్నీ మంచివే. ఒకే ట్రిప్పులో కుక్కడంతోనే చిక్కు.

ఓస్లో నుంచి త్రోంసోకి రోడ్డు మీద 1,600 కి.మీ. పైమాటే. విమానంలో రెండు గంటలే, నిజమే. కానీ రూము ఖాళీ చేసి, ఎయిర్‌పోర్టుకు చేరి, దిగి, మళ్ళీ రూములో చేరేసరికి ఆ రోజు అయిపోయినట్టే. పశ్చిమ తీరం అయితే ఇంకో తమాషా. అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే దెబ్బతింటారు. ఎదురుగా కనిపించే ఊరికి మధ్యలో ఫియోర్డు అడ్డం. చుట్టూ తిరిగి పోవాలి, లేదా ఫెర్రీ కోసం లైన్లో ఆగాలి, లేదా కొండ కింద సొరంగంలో దూరాలి. ఊళ్ళ బయట చాలాచోట్ల స్పీడు 80కి మించకూడదు, ఊళ్ళలో 50. బెర్గెన్ నుంచి గైరాంగర్‌కి కారులో దాదాపు ఒక పగలంతా పడుతుంది. విజయవాడ హైవే లెక్కలు ఇక్కడ చెల్లవు.

ఇక లైట్ల సంగతి. మే, జూన్‌లో అవి కనపడవు. ఉత్తరాన ఆ నెలల్లో చీకటే పడదు, చీకటి లేనిదే లైట్లు లేవు. పాపకు ఇప్పుడే చెప్పేయండి, అక్కడికి వచ్చాక ఏడిపించొద్దు. అర్ధరాత్రి సూర్యుడు, అంటే రాత్రంతా అస్తమించని సూర్యుడు, మాత్రం త్రోంసోలో మే 20 ప్రాంతం నుంచి జులై 22 దాకా ఉంటాడు. అంటే నాన్నగారి కోరిక తీరే అవకాశం ఉంది. కానీ అది తీర్చాలంటే ఫియోర్డులకు రోజులు కోయాలి. ఏదో ఒకటి తేల్చుకోండి.

వరంగల్_వీరుడు
బాబాయ్ చెప్పింది బాగానే ఉంది గానీ కారు ఎందుకు వద్దు? నార్వేలో కారు లేకుండా తిరగడం అంటే పెళ్ళికి పోయి భోజనం చేయకుండా వచ్చినట్టే. ఎక్కడ పడితే అక్కడ ఆపుకోవచ్చు, పెద్దవాళ్ళను లగేజీతో స్టేషన్ల చుట్టూ తిప్పే బాధ ఉండదు. లార్డాల్ సొరంగం 24.5 కి.మీ., 2000లో తెరిచారు, ప్రపంచంలో అంత పొడుగు రోడ్డు సొరంగం ఇంకోటి లేదు. మధ్యలో డ్రైవర్‌కు నిద్ర ముంచుకు రాకుండా మూడుచోట్ల గుహల్లా వెడల్పు చేసి నీలం లైట్లు పెట్టారు. ఆ మజా రైల్లో వస్తదా?

మురళి అన్నా, కారు అయితే ఇవి గుర్తుపెట్టుకో. మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకో. పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వేసే ఉంచాలి. పాప 135 సెం.మీ. కంటే పొట్టిగా ఉంటే చైల్డ్ సీటు తప్పనిసరి, కారు బుక్ చేసేటప్పుడే అడగాలి. మందు విషయంలో పరిమితి 0.02 శాతం. అంటే ఒక్క బీరు తాగినా స్టీరింగ్ ముట్టకూడదు. టోల్ గేట్లు ఉండవు, కెమెరా నంబర్ ప్లేటు చూసి లెక్క కడుతుంది, బిల్లు తర్వాత కార్డు మీద పడుతుంది. అది చూసి ఎవరో దోచుకున్నారని కంగారు పడొద్దు.

ఫియోర్డు_బాబాయ్
వీరుడూ, నువ్వు నలుగురు కుర్రాళ్ళతో వెళ్ళే ట్రిప్పు చెప్తున్నావు. వీళ్ళు ఐదుగురు, ఐదుగురి సామాను. పెద్ద బండి కావాలి. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలితే ఆ చార్జీ వేరే. నడిపేది ఆయన ఒక్కడే. కుడిచేతి వైపు నడపడం కొత్త. దానికి తోడు ఒక బండి మాత్రమే పట్టే రోడ్ల మీద ఎదురొచ్చిన బస్సుకు దారివ్వడానికి వెనక్కి వెళ్ళాల్సి వస్తే, ఒక పక్క కొండ, ఇంకో పక్క నీళ్ళు. అందరూ కిటికీలోంచి జలపాతాలు చూస్తుంటే ఆయనొక్కడే తెల్లగీత చూస్తూ కూర్చోవాలి.

రైలుపిచ్చి
ఎట్టకేలకు నా సబ్జెక్టు వచ్చింది. పక్కకు జరగండి.

మురళి గారూ, ఓస్లో నుంచి బెర్గెన్‌కి రైలు 1909లో మొదలైంది. మొత్తం దారి ఆరున్నర, ఏడు గంటలు. మొదట పొలాలు, తర్వాత పైన్ అడవి, తర్వాత చెట్లే ఉండవు. ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తు. మీరు వెళ్ళే రోజుల్లో కూడా అక్కడ ప్లాట్‌ఫాం పక్కన మంచు ఉంటుంది. పాప కిందికి దిగి ఒక గుప్పెడు తీసుకునేంత సేపు ఆగితే మీ అదృష్టం. ఓస్లో నుంచి వెళ్ళేటప్పుడు ఎడమవైపు సీట్లు చూసుకోండి.

అసలు సంగతి మీర్డాల్ దగ్గర. అక్కడ దిగి ఎదురు ప్లాట్‌ఫాం మీద ఫ్లోమ్ రైలు ఎక్కాలి. 20 కి.మీ. దారి, గంట లోపు ప్రయాణం, అంతలోనే 860 మీటర్ల పైగా కిందికి దిగి ఫియోర్డు ఒడ్డున ఆగుతుంది. 20 సొరంగాలు. ఎక్కువ భాగం యంత్రాలతో కాదు, చేత్తో తొలిచారు. పళ్ళచక్రం లాంటిదేమీ లేకుండా మామూలు పట్టాల మీదే 18 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు. వైజాగ్ నుంచి అరకు రైల్లో వెళ్ళిన వాళ్ళకు సొరంగం, లోయ, సొరంగం వరస తెలుసు కదా. ఇది ఆ రుచే, కాకపోతే నిట్టనిలువుగా. మధ్యలో ష్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర రైలు ఆపి అందరినీ దింపుతారు. మంచు కరిగే కాలం కాబట్టి ఫోన్ బయటికి తీస్తే తడిసిపోతుంది. వేసవి సీజన్‌లో అయితే రాళ్ళ మీద ఎర్ర గౌను వేసుకున్న ఒకామె పాట వినిపిస్తూ ప్రత్యక్షమవుతుంది, అడవి మోహిని వేషం. నాకు అదంతా కొంచెం అతిగా అనిపిస్తుంది. మీ పాపకు నచ్చుతుంది.

ఈ దారి మొత్తాన్ని కట్టగట్టి "నార్వే ఇన్ ఎ నట్‌షెల్" అని అమ్ముతారు. అది వేరే రైలూ కాదు, వేరే పడవా కాదు. మామూలు టికెట్లే ఒకచోట కలిపి ఇస్తారు. విడివిడిగా కొనుక్కుంటే డబ్బు మిగలడమే కాదు, మధ్యలో ఎక్కడ ఎన్ని రోజులు ఆగాలో మీ ఇష్టం. ఓస్లో–బెర్గెన్ రైలు టికెట్ ముందే కొంటే చాలా తక్కువకు దొరుకుతుంది, చివరి వారంలో రెట్టింపు పైన ఉంటుంది. ఒక జాగ్రత్త. వేసవిలో పట్టాల మరమ్మతులు పెట్టుకుంటారు, కొన్ని రోజులు కొంత దారి బస్సులో తీసుకెళ్తారు. తేదీ ఖాయం చేసే ముందు రైల్వే యాప్‌లో ఆ రోజుది చూసుకోండి.

నాన్నగారికి 68 అన్నారు కదా. ఇక్కడ 67 దాటిన వాళ్ళకు రైళ్ళలో, బస్సుల్లో సీనియర్ రాయితీ ఉంటుంది. టికెట్ కొనేచోట "హొన్నోర్" అని కనిపిస్తే అదే.

స్విస్_సుబ్బారావు
ఇంత కష్టం దేనికండీ? హాయిగా స్విట్జర్లాండ్ వెళ్ళండి. కొండ మీదికి రైలు, పైన ఇండియన్ రెస్టారెంట్, మోకాళ్ళకు పని లేదు.

బెర్గెన్_కోడలు
సుబ్బారావు గారు ప్రతి త్రెడ్‌లోనూ ఇదే చెప్తారు, ఆయన్ని వదిలేయండి :)

మురళి గారూ, మాది గుంటూరు, పెళ్ళయ్యాక బెర్గెన్ వచ్చాను. మీ అమ్మగారి తిండి గురించి నేను చెప్తాను, మిగతాది మగాళ్ళు కొట్టుకుంటారు.

మొదటిది, నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టెలో పెట్టకండి. ఐరోపా బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. కస్టమ్స్‌లో పట్టుకుంటే చెత్తబుట్టలో వేస్తారు. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, చింతపండు పులిహోర పేస్టు తెచ్చుకోండి, కానీ సీలు ప్యాకింగ్‌లో. నూనె కారిన ఆవకాయ సీసా ఉన్న సూట్‌కేసు మళ్ళీ ఎన్నటికీ మామూలు సూట్‌కేసు కాదు.

రెండోది, హోటల్ రూముల్లో వంట చేయనివ్వరు. పొగ అలారం మోగితే ఫైరింజన్ వస్తుంది, బిల్లు మీకు వస్తుంది. అందుకే వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ గానీ, చెక్క కాటేజీ గానీ తీసుకోండి. ఫ్లోమ్‌లో క్యాంపింగ్ స్థలంలో అలాంటి కాటేజీలు ఉంటాయి. చాలాచోట్ల ఇండక్షన్ పొయ్యి ఉంటుంది, మన అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె ఒకటి తెచ్చుకుంటే చాలు.

పెరుగన్నం గురించి బెంగ వద్దు. సూపర్ మార్కెట్లో "యోగుర్ట్ నాటురెల్" అని తియ్యదనం లేని పెరుగు ఉంటుంది, పుల్లగా బాగుంటుంది. "లొంపె" అని బంగాళదుంపతో చేసే మెత్తటి రొట్టె దొరుకుతుంది. ఇక్కడి వాళ్ళు దాంట్లో సాసేజ్ చుట్టుకుని తింటారు. మనం పెనం మీద అర నిమిషం వేడి చేసి, అందులో కందిపొడి, పెరుగు రాసుకుంటే మా అత్తగారు రెండు అడిగి మరీ వేయించుకున్నారు. వాఫెల్ మాత్రం అమ్మగారికి పెట్టొద్దు, అందులో గుడ్డు ఉంటుంది. ప్యాకెట్ల మీద గుడ్డు, పాలు లాంటివి బోల్డ్ అక్షరాల్లో వేస్తారు, వెతుక్కోవడం తేలికే. ఓస్లోలో గ్రోన్‌లాండ్ ప్రాంతంలో మనవాళ్ళ, పాకిస్తానీల కిరాణా కొట్లు ఉన్నాయి. కందిపప్పు, గోధుమపిండి, పచ్చిమిర్చి అక్కడే కొనేసుకోండి, ఫ్లోమ్‌లో అవేవీ దొరకవు.

ఇంకోటి, బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజుల పైగా వాన పడుతుంది. గొడుగు తేకండి, గాలికి తిరగబడుతుంది. అందరికీ టోపీ ఉన్న రెయిన్‌కోట్లు, తడవని బూట్లు, లోపల ఊలు చొక్కా. మే చివర పగలు 10–15 డిగ్రీలు ఉంటుంది, పడవ డెక్ మీద చలి ఇంకా ఎక్కువ.

మియాపూర్_మురళి
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అమ్మ లొంపె దగ్గర సగం ఒప్పుకుంది. నాన్న ఇంకా సూర్యుడి మీదే ఉన్నారు. పూతరేకుల్లో నెయ్యి ఉంటుంది కదా, అది తేవచ్చా?

బెర్గెన్_కోడలు
రిస్క్ ఎందుకండీ, వదిలేయండి. మీరు తెస్తే ముందు మా ఇంటికి తెమ్మంటాను, అప్పుడు నేనూ దొంగనవుతాను.

లెక్కల_మాస్టారు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక క్రోన్ మన డబ్బుల్లో కాస్త అటూఇటూగా 8–9 రూపాయలు అనుకోండి. కాఫీ 50 క్రోన్ల దగ్గర ఉంటుంది. రెస్టారెంట్‌లో ఒక ప్లేటు 250 నుంచి 350. ఐదుగురు రెండు పూటలా బయట తింటే రోజుకు పాతిక వేల రూపాయలు అలా ఎగిరిపోతాయి. కాబట్టి కోడలు గారు చెప్పిన వంటిల్లు మాట సరదాకి కాదు, బడ్జెట్ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

హోటల్ తీసుకున్న రోజుల్లో టిఫిన్ అందులోనే కలిపి ఉంటుంది, బాగా పెడతారు. మంచినీళ్ళు కొనకండి, కుళాయి నీళ్ళే భేషుగ్గా ఉంటాయి. కొన్న సీసాలు, డబ్బాలు పారేయొద్దు. చిన్నదానికి 2, పెద్దదానికి 3 క్రోన్లు డిపాజిట్ తీసుకుంటారు, సూపర్ మార్కెట్లో మిషన్‌లో వేస్తే తిరిగి ఇస్తుంది. ఆ పని పాపకు అప్పజెప్పండి. ఎయిర్‌పోర్టు నుంచి ఓస్లోకి మెరిసిపోయే బోర్డులు పెట్టి ఒక ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్లు అమ్ముతారు. అదే పట్టాల మీద మామూలు రైలు దాదాపు అంతే సమయంలో, ఇంచుమించు సగం ధరకు వెళ్తుంది. అలాగే బెర్గెన్ ఎయిర్‌పోర్టుకు ఊళ్ళోంచి ట్రామ్ ఉంది, ముప్పావు గంట.

నోట్లు మార్చుకోనక్కర్లేదు, టాయిలెట్ దగ్గర కూడా కార్డే. పెద్దవాళ్ళతో ఇది ముఖ్యం: రైల్లో, ఫెర్రీలో టాయిలెట్ ఉచితం, స్టేషన్లలో డబ్బు కట్టాలి. దిగే ముందే వెళ్ళిరమ్మనండి.

త్రోండైమ్_తమ్ముడు
అన్నా, నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా. లోఫోటెన్ గురించి నా మాట. అది అద్భుతం, అందులో అనుమానం లేదు. సముద్రంలోంచి కొండలు నేరుగా లేచి ఉంటాయి. వసంతంలో కర్ర పందిళ్ళ మీద తల తీసేసిన కాడ్ చేపలు వేల కొద్దీ వేలాడుతూ ఎండుతుంటాయి. మీరు వచ్చే సమయానికి ఇంకా కొన్ని ఉంటాయి. మీ అమ్మగారు ఆ వాసనకి ముక్కు మూసుకుని ఒక్క రోజు కూడా ఉండరు. పైగా అక్కడ బస్సులు తక్కువ, కారు లేకపోతే కుదరదు. రెండు రాత్రుల కోసం అంత దూరం వెళ్ళొద్దు. అది విడిగా ఒక వారం ఇచ్చి చూడాల్సిన చోటు.

(2023 నుంచి ఐరోపా బయటి వాళ్ళకు ఇక్కడ ట్యూషన్ ఫీజు పెట్టాక క్లాసులో మనవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఎవరైనా ట్రిప్పుకి ఇటు వస్తే ఒక పచ్చడి సీసా తెండి, ఊరంతా నేనే తిప్పి చూపిస్తా.)

వరంగల్_వీరుడు
సరే, రైలే పో. ఓడిపోయినా. కానీ ఫ్లోమ్‌లో ఉన్న ఒక్క రోజన్నా కారు తీసుకుని అవుర్లాండ్ పైకి పోండి, స్టేగాస్టైన్ అని ఒక వ్యూ పాయింట్ ఉంది. ఫియోర్డు మీద 650 మీటర్ల ఎత్తులో, కొండలోంచి 30 మీటర్లు గాల్లోకి చెక్క వంతెన కట్టి చివర్లో అద్దం పెట్టినరు. అద్దం వాలుగా ఉంటుంది, వంతెన అక్కడితో తెగిపోయినట్టు అనిపిస్తది. కాళ్ళు వణకడం ఖాయం.

ఫియోర్డు_బాబాయ్
దానికి కారెందుకు, ఫ్లోమ్ నుంచి బస్సే ఉంది. ఆ మలుపుల్లో బస్సు డ్రైవర్ నేర్పు చూడ్డమే ఒక ప్రోగ్రాం. అక్కడ మెట్లు ఎక్కే పని లేదు, బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. నాన్నగారు హాయిగా చూడొచ్చు.

అదే మాటగా, మా స్టావంగర్ పక్కన ప్రైకెస్టోలెన్ రాయి, అదే 604 మీటర్ల బల్లపరుపు బండ, ఎవరైనా చెప్తే వినొద్దు. రానూపోనూ 8 కి.మీ. రాళ్ళ మెట్లు. ట్రోల్‌టుంగా అని గాల్లోకి పొడుచుకొచ్చిన రాయి అయితే అసలు ఊసే వద్దు, పది పన్నెండు గంటల నడక. ఫోటోల్లో ఆ రాయి కొస మీద ఒక్కడే కూర్చుని ఉంటాడు. ఆ ఫోటో కోసం వెనక నిలబడ్డ క్యూ మాత్రం ఏ ఫోటోలోనూ ఉండదు.

రైలుపిచ్చి
ఫ్లోమ్ నుంచి ముందుకు రెండు దారులు. ఒకటి, గుడ్వాంగెన్ అనే ఊరికి రెండు గంటల పడవ. అది నెరోయ్ ఫియోర్డు గుండా పోతుంది. 2005లో యునెస్కో జాబితాలో చేర్చారు, బాగా ఇరుకైన చోట వెడల్పు 250 మీటర్లే. రెండు పక్కలా గోడల్లా కొండలు, మే చివర కాబట్టి ఎటు చూసినా నీటిధారలు. ఇప్పుడు తిరిగే కొత్త పడవ కరెంటుతో నడుస్తుంది, ఇంజిన్ మోత ఉండదు, జలపాతం చప్పుడు వినిపిస్తుంది. ఇంకో మంచి సంగతి, పై డెక్‌కి మెట్లే కాకుండా చుట్టూ వాలు దారి కట్టారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెల్లగా నడుచుకుంటూ పైదాకా పోవచ్చు. గుడ్వాంగెన్ నుంచి బస్సులో వొస్, అక్కడి నుంచి రైల్లో బెర్గెన్.

రెండోది, ఫ్లోమ్ నుంచి నేరుగా బెర్గెన్‌కి స్పీడ్ బోటు, సుమారు ఐదున్నర గంటలు. సోగ్నె ఫియోర్డు పొడవునా వెళ్తుంది. అది 205 కి.మీ. పొడుగు, లోతు 1,300 మీటర్ల పైన. సామాను ఒక్కసారి ఎక్కించి ఒక్కసారి దింపితే చాలు. కానీ వేగం వల్ల ఎక్కువసేపు లోపలే కూర్చోవాలి. నా ఓటు మొదటిదానికే. సామాను మార్చడం ఇబ్బంది అనుకుంటే, గుడ్వాంగెన్ దాకా ఒక రోజు ఊరికే పడవలో వెళ్ళి, షటిల్ బస్సులో ఇరవై నిమిషాల్లో ఫ్లోమ్‌కి తిరిగొచ్చి, మర్నాడు స్పీడ్ బోటులో బెర్గెన్ వెళ్ళండి. రెండూ చూసినట్టవుతుంది.

మోడరేటర్
వీసా గురించి ప్రైవేటు మెసేజ్‌ల్లో చాలామంది అడుగుతున్నారు, ఇక్కడే రాస్తున్నా. నార్వే ఐరోపా సమాఖ్యలో (ఈయూ) లేదు, ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల షెన్‌గెన్ కూటమిలో ఉంది. షెన్‌గెన్ వీసా చాలు. పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 45. దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సంస్థ సర్వీసు చార్జి అదనం. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. మే ప్రయాణానికి అపాయింట్‌మెంట్ల కోసం కొట్టుకుంటారు కాబట్టి ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టండి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి. నాలుగు దేశాల ప్యాకేజీల్లో తిరకాసు ఇక్కడే వస్తుంది.

2025 అక్టోబర్ నుంచి షెన్‌గెన్ సరిహద్దులో కొత్త పద్ధతి మొదలైంది, మొదటిసారి వచ్చేవాళ్ళ ఫోటో తీసుకుని వివరాలు నమోదు చేస్తారు; మనలా వీసా మీద వచ్చేవాళ్ళ వేలిముద్రలు వీసా అప్పుడే తీసుకుని ఉంటారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారేటట్టయితే అక్కడే ఆ తతంగం. గంట లేఓవర్ టికెట్లు చవగ్గా కనిపించినా కొనకండి. ఐదుగురు, అందులో ఇద్దరు పెద్దవాళ్ళు.

ఫియోర్డు_బాబాయ్
మోడరేటర్ గారి మాటకు ఒకటి కలుపుతా. టికెట్ కొనేటప్పుడు రానూపోనూ ఓస్లోకే తీసుకోకండి. మల్టీ సిటీ ఆప్షన్‌లో వెళ్ళేటప్పుడు హైదరాబాద్–ఓస్లో, వచ్చేటప్పుడు బెర్గెన్–హైదరాబాద్ పెట్టి చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా దొరుకుతుంది, ధరలో పెద్ద తేడా ఉండదు. బెర్గెన్ నుంచి మళ్ళీ ఓస్లోకి వెనక్కి వచ్చే ఒక రోజు మిగిలిపోతుంది.

మియాపూర్_మురళి
ఇదిగో కొత్త ప్లాన్. శనివారం రాత్రి హైదరాబాద్ నుంచి బయల్దేరి ఆదివారం ఓస్లో. అక్కడ రెండు రాత్రులు: శిల్పాలుండే విగెలాండ్ పార్కు, ఒపెరా హౌస్, వైకింగ్ షిప్ మ్యూజియం. మంగళవారం రైల్లో మీర్డాల్, ఫ్లోమ్. అక్కడ మూడు రాత్రులు కాటేజీలో. శుక్రవారం బెర్గెన్, మూడు రాత్రులు. సోమవారం బెర్గెన్ నుంచే తిరుగు విమానం. గైరాంగర్, లోఫోటెన్, త్రోంసో తీసేశాను.

నాన్నకు ఇలా చెప్పాను: బెర్గెన్‌లో కూడా జూన్ మొదట్లో రాత్రి పదకొండు దగ్గర పడుతుంది పొద్దుగూకేసరికి, ఆ తర్వాత కూడా పూర్తి చీకటి ఉండదు, దాంతో సర్దుకోండి అని. "సర్దుకోవడానికేనా అంత ఖర్చు పెట్టేది" అన్నారు. కానీ ఒప్పుకున్నారు.

బెర్గెన్_కోడలు
వైకింగ్ షిప్ మ్యూజియం తీసేయండి, కొత్తగా కడుతున్నారు, 2022 నుంచి మూసి ఉంది. పాత వీడియోలు చూసి చాలామంది అక్కడిదాకా వెళ్ళి తిరిగొస్తున్నారు. దాని బదులు అదే బిగ్డోయ్ వైపు ఫ్రామ్ మ్యూజియంకి వెళ్ళండి. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్సెన్ బృందం వాడిన అసలు ఓడ, లోపలికి ఎక్కి తిరగొచ్చు. కింది గదుల్లోకి మెట్లు నిటారుగా ఉంటాయి, నాన్నగారు పైనే కూర్చోవచ్చు. ఒపెరా హౌస్ పైకప్పు మీద నడవొచ్చు గానీ వాన పడితే పాలరాయి జారుతుంది, ఆ రోజు వద్దు.

బెర్గెన్‌లో బ్రిగ్గెన్ చెక్క ఇళ్ళు ఎలాగూ చూస్తారు, 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ముందు వరసలో ఫోటో తీసుకుని వెళ్ళిపోకండి, ఇళ్ళ మధ్య సందుల్లోకి వెళ్ళండి. పక్కకు ఒరిగిన గోడలు, కాలి కింద కిర్రుమనే పలకలు, తారు వాసన, అసలు సరుకు అక్కడే ఉంది. ఫ్లోయెన్ కొండ 320 మీటర్లు, రోప్ రైల్లో కొద్ది నిమిషాలు. పైన పిల్లల పార్కు ఉంది, వేసవిలో మేకలు తిరుగుతుంటాయి. పాపకు ఇక ఆకుపచ్చ లైట్లు గుర్తుకు రావు.

ఫియోర్డు_బాబాయ్
ఒక్కటే సవరణ. మీరు దిగేది ఆదివారం. పెద్ద సూపర్ మార్కెట్లన్నీ మూసేస్తారు. ఆ మర్నాడు పెంటెకోస్ట్ (క్రైస్తవుల పండగ) సోమవారం అయితే అదీ సెలవే. క్యాలెండర్ చూసుకోండి. స్టేషన్లో, పెట్రోల్ బంకుల్లో చిన్న కొట్లు తెరిచి ఉంటాయి, ధర మాత్రం చూడకుండా కొనాలి. మొదటి రెండు పూటలకు సరిపడా పొడులు, ఉప్మా ప్యాకెట్లు, బియ్యం పెట్టెలో పైనే పెట్టుకోండి.

కళ్ళకు గంతలు కూడా అందరికీ ఒకటి. రాత్రి పదిన్నరకు కాటేజీలో వెలుగు ఉంటే పాప పడుకోదు, పాప పడుకోకపోతే మీరు పడుకోరు.

లెక్కల_మాస్టారు
ఫ్లోమ్ కాటేజీ ఈ వారమే బుక్ చేయండి. ఊరు చిన్నది, క్రూయిజ్ ఓడలు ఆగే ఊరు. ఉచితంగా రద్దు చేసుకునేది చూసి తీసుకోండి, వీసా రాకపోతే డబ్బు పోదు. రైలు టికెట్లు మాత్రం వీసా వచ్చాకే.

మియాపూర్_మురళి
కాటేజీ బుక్ అయింది. రెండు గదులు, వంటిల్లు, ఇండక్షన్ పొయ్యి. అమ్మ ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటికీ ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూస్తోంది.

నల్లగొండ_నవ్య
నమస్తే అండీ, ఈ త్రెడ్ మొత్తం చదివాను. మేమిద్దరమే, పిల్లలు లేరు, మాకు ఆ ఆకుపచ్చ లైట్లే కావాలి. దసరా సెలవుల్లో త్రోంసో వెళ్తే కనిపిస్తాయా?

మోడరేటర్
సెప్టెంబర్ చివర నుంచి మార్చి చివర దాకా అవకాశం బాగుంటుంది, దసరా ఆ లోపలే. మబ్బు పట్టకపోతే, కనీసం నాలుగు రాత్రులు పెట్టుకుంటే. మిగతాది కొత్త త్రెడ్ తెరిచి అడగండి నవ్య గారూ, ఇది మురళి గారిది. వీరుడూ, అక్కడికి వెళ్ళి కారు గురించి చెప్పుకో.